బాలల సంక్షేమ సంస్థతో కలిసి యూనివర్సిటీ పరిశోధన ఎలా చేయాలి: మొదటి మీటింగ్ నుంచి చివరి రిపోర్టు దాకా

బాలల సంక్షేమం మీద పనిచేయాలనుకునే అధ్యాపకులు, పీహెచ్‌డీ విద్యార్థులు పదే పదే ఒకే ప్రశ్న అడుగుతుంటారు: "సంస్థ దగ్గర ఏళ్ల తరబడి కేసు ఫైళ్లున్నాయి. మాకు ఇవ్వాలంటే ఎవరిని అడగాలి, ఏం రాసివ్వాలి?" సంస్థల్లో పనిచేసేవాళ్ల ప్రశ్న ఇంకోలా ఉంటుంది: "యూనివర్సిటీవాళ్లు వస్తారు, డేటా పట్టుకెళ్తారు, మళ్లీ కనిపించరు. ఈసారి అలా జరక్కుండా చూసుకోవడం ఎలా?" రెండింటికీ జవాబు ఒకటే. డేటా చేతులు మారకముందే, మాట్లాడటానికి ఇరుపక్షాలకూ ఇబ్బందిగా ఉండే విషయాలన్నీ మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకోవాలి. తర్వాత చూసుకుందాం అనుకున్న విషయమే చివరికి పరిశోధనను ఆపేస్తుంది.

ఇది ఎక్కువగా యూనివర్సిటీ వైపు వాళ్లను ఉద్దేశించి రాశాను. సంస్థలో పనిచేసేవాళ్లు చదివితే ఎదుటివాళ్లను ఏం అడగాలో తెలుస్తుంది. చట్టాలు దేశానికో రకంగా ఉంటాయి కాబట్టి, మీకు వర్తించే బాలల చట్టాన్నీ డేటా రక్షణ చట్టాన్నీ పక్కన పెట్టుకుని చదవండి.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- సంస్థలో ఇద్దరు మనుషులు. ఒకరు సంతకం పెట్టే అధికారం ఉన్నవారు, ఇంకొకరు రోజూ ఆ డేటాతో కుస్తీ పట్టేవారు. మొదటివారు లేకపోతే పని మొదలవదు, రెండోవారు లేకపోతే ముందుకు సాగదు. ఇద్దరిలో ఎవరు బదిలీ అయినా పని ఆగకుండా, ప్రతి ఒక్కరికీ ప్రత్యామ్నాయంగా ఇంకో పేరు రాయించుకోండి.
- యూనివర్సిటీ తరఫున బాధ్యత తీసుకునే శాశ్వత ఉద్యోగి. పీహెచ్‌డీ విద్యార్థి పేరు మీద మాత్రమే ఒప్పందం చేసుకోకండి. విద్యార్థి డిగ్రీ తీసుకుని వెళ్లిపోయాక డేటాకు జవాబుదారీ ఎవరూ ఉండరు.
- ఎథిక్స్ కమిటీ (పరిశోధన నైతికంగా ఉందో లేదో చూసి అనుమతించే కమిటీ) ఫారాలు, ఆ కమిటీ సమావేశాల తేదీలు. సంస్థకు సొంత పరిశోధన కమిటీ ఉంటే వాళ్ల తేదీలు కూడా.
- రెండు వైపులా లీగల్ విభాగంలో ఒక్కో మనిషి. ఒప్పందం పూర్తయ్యాక చూపిద్దాం అనుకోకండి, మొదటి డ్రాఫ్ట్ నుంచే వాళ్లను కలుపుకోండి.
- బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేని, ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదు చేసే కంప్యూటర్ వ్యవస్థ. సొంత ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్, ఈమెయిల్ అటాచ్‌మెంట్ ఈ పనికి పనికిరావు.
- సంస్థ సిబ్బంది సమయానికి బడ్జెట్. డేటా తీసివ్వడానికి, మీ సందేహాలు తీర్చడానికి వాళ్ల పని గంటలు ఖర్చవుతాయి. గ్రాంటు దరఖాస్తులోనే ఆ ఖర్చు చూపించండి.
- సమయం. మొదటి మీటింగ్ నుంచి డేటా చేతికొచ్చేదాకా ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. రెండేళ్లలో థీసిస్ పూర్తి చేయాల్సిన విద్యార్థులు ఈ విషయం బాగా ఆలోచించుకుని దిగండి.

1. ప్రశ్నను ఇద్దరిదీ చేయండి

మొదటి మీటింగ్‌కు పూర్తి ప్రపోజల్ పట్టుకెళ్లకండి. అచ్చయి చేతికొచ్చిన ప్రపోజల్ చూస్తే, అంతా ముందే తేలిపోయిందని అవతలివాళ్లకు అర్థమవుతుంది. వెళ్లి ఒకటే అడగండి: "ఏ నిర్ణయం తీసుకునేటప్పుడు మీకు సమాచారం చాలడం లేదు?"

వచ్చే జవాబులు చాలా నిర్దిష్టంగా ఉంటాయి. ఇంటికి తిరిగి పంపిన పిల్లల్లో కొందరు కొన్ని నెలల్లోనే మళ్లీ ఎందుకు సంస్థ సంరక్షణలోకి వస్తున్నారు? అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ వేర్వేరు ఇళ్లకు వెళ్లాల్సి రావడం ఏ దశలో జరుగుతోంది? ఏ ఫోస్టర్ కుటుంబాలు (పిల్లలను తాత్కాలికంగా తమ ఇంట్లో ఉంచుకుని చూసుకునేవి) మొదటి ఏడాదిలోనే మానుకుంటున్నాయి? ఒక్కో బిడ్డ కేసునూ చూసుకునే కేస్ వర్కర్లు ఎందుకు ఉద్యోగం వదిలేస్తున్నారు? పుస్తకాల్లో వెతికి తెచ్చిన ప్రశ్న కంటే ఇలాంటి ప్రశ్నకు సంస్థ తలుపులు త్వరగా తెరుచుకుంటాయి. పరిశోధనగా కూడా ఇవి తక్కువవేమీ కావు.

ప్రశ్న కుదిరాక దాన్ని ఒకే వాక్యంలో రాయండి. దాని కింద ఇంకో వాక్యం రాయండి: "జవాబు ఇలా వస్తే సంస్థ ఏం మారుస్తుంది?" రెండో వాక్యం రాయలేకపోతే ఆ ప్రశ్న మీ ఒక్కరిదే, మళ్లీ మొదటికి వెళ్లండి.

మీ ఆసక్తీ సంస్థ అవసరమూ కలవకపోతే ఒక దారి ఉంది. ఒకే డేటా మీద రెండు ప్రశ్నలు పెట్టుకోండి, సంస్థ ప్రశ్నకు ముందు జవాబు ఇవ్వండి. చికాగో యూనివర్సిటీలో 1985 నుంచి ఉన్న పరిశోధన కేంద్రం చాపిన్ హాల్, కాలిఫోర్నియా రాష్ట్ర సోషల్ సర్వీసెస్ శాఖతో కలిసి బర్క్‌లీ యూనివర్సిటీ నడిపే బాలల సంక్షేమ సూచికల ప్రాజెక్టు ఇన్నేళ్లు నిలబడ్డాయంటే, వాళ్ల అంకెలతో సంస్థలకు రోజువారీ పని ఉండటం పెద్ద కారణమని నా అభిప్రాయం.

2. ఇబ్బందికరమైన మూడు విషయాలు ముందే తేల్చుకోండి

ఈ మెట్టును చాలామంది మొహమాటంతో దాటేస్తారు. దీని కోసం ప్రత్యేకంగా ఒక మీటింగ్ పెట్టండి, ఆ మీటింగ్‌లో వేరే ఎజెండా ఏదీ ఉండకూడదు.

మొదటిది: ఫలితం సంస్థకు చెడ్డపేరు తెచ్చేలా ఉంటే ఏం చేస్తాం? ప్రచురణను ఆపే హక్కు సంస్థకు ఇచ్చారంటే మీది పరిశోధన అనిపించుకోదు, ఎథిక్స్ కమిటీ కూడా అభ్యంతరం చెప్పొచ్చు. అలాగని పరిశోధన పత్రికలో అచ్చయ్యాక సంస్థ తొలిసారి చూడటం కూడా అన్యాయమే. మధ్యేమార్గం ఏమిటంటే, ప్రచురణకు 30 రోజులో 45 రోజులో ముందు డ్రాఫ్ట్ ఇవ్వాలి. వాస్తవాల్లో తప్పులుంటే, ఏ పిల్లల గుర్తింపైనా బయటపడే ప్రమాదం ఉంటే సంస్థ చెప్పొచ్చు. మిగతా అభిప్రాయ భేదాలను విడిగా స్పందనగా రాసి అచ్చువేసుకోవచ్చు. ఒప్పందంలో పెట్టడానికి ఇలాంటి వాక్యం సరిపోతుంది:

"ప్రచురణకు కనీసం 30 రోజుల ముందు యూనివర్సిటీ డ్రాఫ్ట్‌ను సంస్థకు పంపుతుంది. సంస్థ చూపిన వాస్తవ దోషాలను, గుర్తింపు బయటపడే అవకాశాన్ని యూనివర్సిటీ సరిచేస్తుంది. ఫలితాల విశ్లేషణపై తుది నిర్ణయం యూనివర్సిటీది. సంస్థ కోరితే దాని స్పందనను రిపోర్టుతో పాటు ప్రచురిస్తారు."

అమెరికాలోని అల్లెఘెనీ కౌంటీ (మన జిల్లా లాంటిది) 2016లో, పిల్లలకు హాని జరుగుతోందని వచ్చే ఫిర్యాదులను మొదట పరిశీలించే దశలో, ప్రమాదం ఎంతో అంచనా వేసే కంప్యూటర్ రిస్క్ స్కోరు వాడటం మొదలుపెట్టింది. దాన్ని తయారుచేసింది యూనివర్సిటీ పరిశోధకులే. ఆ కౌంటీ బయటి నిపుణులతో నైతిక సమీక్ష చేయించి, ఆ సమీక్షనూ తన జవాబునూ బహిరంగంగా పెట్టింది. ఆ స్కోరు పేద కుటుంబాలకు అన్యాయం చేస్తుందన్న విమర్శ తర్వాత కూడా ఆగలేదు. కానీ విమర్శించేవాళ్ల చేతిలో కూడా కాగితాలున్నాయి. నేర్చుకోవాల్సింది ఆ పారదర్శకతనే.

రెండోది: ఇంటర్వ్యూ మధ్యలో ఒక బిడ్డ తనను ఎవరో కొడుతున్నారని, తాకుతున్నారని చెబితే? గోప్యత పేరుతో ఊరుకోవడం కుదరదు. చాలాచోట్ల ఫిర్యాదు చేయడం చట్టపరమైన బాధ్యత. ఎవరికి చెప్పాలి, ఎంత సమయంలోపు చెప్పాలి, చెప్పబోతున్నామని బిడ్డకు ఎవరు వివరిస్తారు అనే మూడు విషయాలూ పేర్లతో సహా రాయండి. ఆరోపణ ఆ సంస్థ సిబ్బంది మీదే అయితే ఎవరికి చెప్పాలో కూడా రాయండి. ఈ ఒక్క వాక్యం లేని ఒప్పందాలే ఎక్కువ.

మూడోది: పరిశోధన అయిపోయాక పిల్లల సంగతేమిటి? రుమేనియాలోని బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లలతో జరిగిన అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. పెద్ద అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో కొందరిని లాటరీ పద్ధతిలో ఫోస్టర్ కుటుంబాలకు పంపి, మిగతావాళ్లతో పోల్చారు. పోలిక కోసం ఆశ్రమంలో ఉంచిన పిల్లలకు ప్రభుత్వం తర్వాత మంచి చోటు చూపిస్తే పరిశోధకులు అడ్డుపడలేదు. ఫోస్టర్ కుటుంబానికి వెళ్లిన బిడ్డను అధ్యయనం పేరుతో వెనక్కి తీసుకురాకూడదన్న నియమం పెట్టుకున్నారు. పరిశోధన డబ్బు ఆగిపోయాక ఆ కుటుంబాలకు సాయాన్ని స్థానిక ప్రభుత్వాలు తీసుకున్నాయి. ఇన్ని జాగ్రత్తలున్నా ఆ అధ్యయనం నైతికత మీద చర్చ జరిగింది, జరగాలి కూడా. మీరు కొత్త కార్యక్రమం ఏదైనా పరీక్షిస్తుంటే, గ్రాంటు ముగిసిన రోజున దాని మీద ఆధారపడ్డ పిల్లలకు ఏమవుతుందో మొదటి రోజే రాసిపెట్టుకోండి.

3. రెండు కాగితాలు రాయండి

ఒకటి ఎంఓయూ (అవగాహన ఒప్పందం): ఎవరు ఏం చేస్తారు, ఎవరు ఎవరిని సంప్రదించాలి, గొడవ వస్తే ఎలా తేల్చుకోవాలి. రెండోది డేటా ఒప్పందం: ఏ ఫీల్డులు (వయసు, చిరునామా లాంటి ఒక్కో రకం వివరం), ఏ సంవత్సరాలవి, ఎవరు చూస్తారు, ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు చెరిపేస్తారు. రెండూ కలిపి ఒకే పత్రంగా రాస్తే చిన్న మార్పు వచ్చినప్పుడల్లా అందరి సంతకాలూ మళ్లీ కావాలి. విడిగా ఉంటే ఎంఓయూ అలాగే ఉంటుంది, ఒక్కో అధ్యయనానికి ఒక్కో డేటా ఒప్పందం జతచేసుకోవచ్చు.

డేటా ఒప్పందంలో ఇవి తప్పకుండా ఉండాలి:

- వాడే ఉద్దేశం. "పరిశోధన కోసం" అని వదిలేయకుండా, ఒకటో మెట్టులో రాసిన ప్రశ్నను యథాతథంగా పెట్టండి.
- వాడకూడని పనులు. ఒక పిల్లవాడి కేసు మీదో ఒక ఉద్యోగి పనితీరు మీదో నిర్ణయానికి ఈ డేటా వాడరని స్పష్టంగా రాయండి.
- గుర్తింపు వెతకబోమని, వేరే డేటాతో కలపబోమని హామీ. కలపాల్సి వస్తే విడిగా అనుమతి.
- డేటా లీక్ అయితే ఎన్ని గంటల్లో, ఎవరికి తెలియజేయాలి.
- కోర్టు నుంచో పోలీసుల నుంచో డేటా కావాలని ఆదేశం వస్తే ముందుగా ఎవరికి చెప్పాలి.
- గడువు, పొడిగింపు, చెరిపేసినట్లు లిఖిత ధ్రువీకరణ.

హెచ్చరిక: ఉన్నతాధికారి నోటిమాటగా "తీసుకెళ్లండి, పర్లేదు" అన్నా, సంతకాలు పూర్తికాకుండా ఒక్క ఫైలు కూడా తీసుకోకండి. శాంపిల్ చూద్దామని ఒక ఎక్సెల్ షీట్ తెచ్చుకున్నా అది ఉల్లంఘనే.

4. ఎథిక్స్ అనుమతి, పిల్లల సమ్మతి

సంస్థ సంరక్షణలో ఉన్న పిల్లల విషయంలో ఒక చిక్కు ఉంది. మామూలుగా పిల్లల తరఫున తల్లిదండ్రులు సమ్మతి ఇస్తారు. ఇక్కడ చాలాసార్లు చట్టపరమైన గార్డియన్ ఆ సంస్థే. పరిశోధనలో భాగస్వామి అదే, పిల్లల తరఫున సరేననేదీ అదే. అందుకే సమ్మతిని సంస్థ సంతకం ఒక్కదానితో సరిపెట్టకూడదు.

న్యూయార్క్‌లో ఫోస్టర్ కేర్‌లో ఉన్న 500 మందికి పైగా పిల్లలను ఒకప్పుడు హెచ్‌ఐవీ మందుల అధ్యయనాల్లో చేర్చారు. దాని మీద స్వతంత్రంగా విచారణ జరిపిన వేరా ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2009లో రిపోర్టు ఇచ్చింది. కొందరు పిల్లల ఫైళ్లలో సమ్మతి పత్రాలే దొరకలేదని అందులో తేలింది. ఎక్కువ రిస్కు ఉండి, బిడ్డకు నేరుగా మేలు జరగని పరిశోధనలో సంస్థ సంరక్షణలోని పిల్లలను చేర్చాలంటే, ప్రతి బిడ్డకూ పరిశోధకులతో గానీ సంస్థతో గానీ సంబంధం లేని ఒక ప్రతినిధి ఉండాలని అమెరికా నియమాలు చెబుతాయి. మీ దేశంలో అలాంటి నియమం లేకపోయినా ఆ ప్రతినిధిని పెట్టుకోండి. తక్కువ రిస్కు ఉన్న ఇంటర్వ్యూలకు కూడా ఇది మంచి అలవాటే.

పెద్దలు సరేనన్నాక బిడ్డను కూడా అడగాలి. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 12వ అధికరణం చెబుతుంది. అడిగేటప్పుడు ఇవి చూసుకోండి:

కేస్ వర్కర్‌తో అడిగించకండి. తను ఎక్కడ ఉండాలో, ఎవరిని కలవాలో నిర్ణయించే మనిషి అడిగితే బిడ్డ కాదనలేదు. ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు ఒప్పుకోలేదు అన్న జాబితా సిబ్బందికి తెలియనివ్వకండి. వద్దంటే ఏ సౌకర్యమూ పోదని ముందే చెప్పండి. మాట్లాడుతుండగా ఆపేయాలనిపిస్తే నోటితో చెప్పాల్సిన అవసరం లేకుండా ఒక ఎర్ర కార్డు చేతికివ్వండి. గోప్యత గురించి ఇలా చెప్పొచ్చు:

"నువ్వు చెప్పిన విషయాలు నీ పేరుతో ఎవరికీ చెప్పను. కానీ నిన్ను గానీ ఇంకెవరైనా పిల్లలను గానీ ఎవరో బాధపెడుతున్నారని తెలిస్తే మాత్రం, దాన్ని ఆపగలిగేవాళ్లకు చెప్పాల్సి ఉంటుంది. అలా చెప్పేముందు ఆ సంగతి నీకు చెబుతాను."

బిడ్డకు అర్థమైందో లేదో తెలుసుకోవాలంటే "అర్థమైందా?" అని అడగకండి, అందరూ తలూపుతారు. "నేను చెప్పింది నీ మాటల్లో చెప్పు" అనండి. "వద్దనుకుంటే ఏం చేస్తావు?" అని అడగండి. దానికి జవాబు చెప్పలేకపోతే సమ్మతి ఇంకా రానట్టే.

పాత కేసు ఫైళ్ల మీద మాత్రమే పనిచేస్తుంటే ఒక్కొక్కరి సమ్మతి నుంచి ఎథిక్స్ కమిటీ మినహాయింపు ఇవ్వొచ్చు. అప్పుడు కింది మెట్టు రెట్టింపు ముఖ్యం.

5. తక్కువ డేటా అడగండి

ఉన్నదంతా ఇవ్వమనడం మొదట్లో తెలివైన పనిలా కనిపిస్తుంది. నిజానికి అడిగిన ప్రతి ఫీల్డుకూ అనుమతి, భద్రత, వివరణ కావాలి. మీ ప్రశ్నకు అవసరమైన ప్రతి ఫీల్డు ఎదురుగా "ఎందుకు" అని ఒక కాలమ్ పెట్టండి. అది ఖాళీగా ఉన్న ఫీల్డును కొట్టేయండి.

పేర్లు తీసేస్తే గుర్తింపు పోయినట్టే అనుకోవడం పొరపాటు. పుట్టిన తేదీ, ఆడా మగా, అయిదంకెల పోస్టల్ కోడ్ ఈ మూడూ కలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని ఒక్కొక్కరిగా వేరుచేయొచ్చని 1990 జనాభా లెక్కల ఆధారంగా లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు చూపించారు. కాబట్టి పుట్టిన తేదీ బదులు వయసు, పోస్టల్ కోడ్ బదులు పెద్ద ప్రాంతం తీసుకోండి. అసలు తేదీలకు బదులు, బిడ్డ సంరక్షణలోకి వచ్చిన రోజును సున్నాగా పెట్టి, అక్కడి నుంచి ఎన్నో రోజున ఏం జరిగిందో అడగండి.

ఆరోగ్య శాఖ డేటాతోనో స్కూలు డేటాతోనో కలపాల్సి వస్తే, వేల్స్‌లోని స్వాన్సీ యూనివర్సిటీ నడిపే సెయిల్ డేటాబ్యాంక్ పద్ధతి గమనించండి. డేటా ఇచ్చే సంస్థ దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. పేరు, చిరునామా లాంటివి నమ్మకమైన మూడో సంస్థకు వెళ్తాయి, వాళ్లు వాటికి బదులు కోడ్ ఇస్తారు. మిగతా వివరాలు డేటాబ్యాంక్‌కు వెళ్తాయి. డేటా ఇచ్చిన సంస్థ దగ్గర తప్ప, రెండు ముక్కలూ ఒకరి దగ్గరే ఉండవు. అంత ఏర్పాటు లేనిచోట, కోడ్ ఇచ్చే పని సంస్థే చేసి, ఆ పట్టికను తన దగ్గరే ఉంచుకోవచ్చు.

కేస్ వర్కర్ చేతితో రాసిన నోట్స్ విషయంలో మరీ జాగ్రత్త. పేరు ఫీల్డులో తీసేసిన పేరు నోట్స్‌లో పది చోట్ల ఉంటుంది. అమ్మమ్మ పేరు, స్కూలు పేరు, పక్కింటివాళ్ల పేరు కూడా ఉంటాయి. నోట్స్ తప్పనిసరైతే సంస్థ ఆఫీసులోనే కూర్చుని చదివి, కోడింగ్ చేసుకుని (నోట్స్‌లోని సంగతులను రకాలవారీగా అంకెల్లోకి మార్చి), అంకెలు మాత్రం బయటకు తెచ్చుకోండి.

6. విశ్లేషణకు ముందు మూడు పరీక్షలు

డేటా రాగానే గణాంక మోడల్ నడపాలని చేయి దురదపెడుతుంది. ఆగండి.

మొదటి పరీక్ష: సంస్థ వార్షిక నివేదికలో ఉన్న ఒక అంకెను మీ డేటాతో మీరే తిరిగి రాబట్టండి. గత ఏడాది సంరక్షణలోకి వచ్చిన పిల్లల సంఖ్య లాంటిది. కలవకపోతే ఎక్కువసార్లు కారణం లెక్కించే ప్రమాణం. సంస్థ పిల్లలను లెక్కిస్తుంటుంది, మీరు కేసులను లెక్కిస్తుంటారు. ముగ్గురు పిల్లలున్న కుటుంబం ఒక కేసు, ఒకే బిడ్డ గురించి ఏడాదిలో నాలుగు ఫిర్యాదులు రావచ్చు. బిడ్డ, కుటుంబం, ఫిర్యాదు, సంరక్షణలో ఒక విడత: ఈ నాలుగింటిలో మీ పట్టికలో ఒక్కో వరుస దేనికి సంబంధించిందో రాసిపెట్టుకోండి.

రెండో పరీక్ష: సాధ్యం కాని వరుసలు వెతకండి. రాకముందే వెళ్లిపోయిన బిడ్డ, ఒకే రోజు రెండు ఇళ్లలో ఉన్న బిడ్డ, ఇద్దరికి ఒకే కోడ్, ఒకరికే రెండు కోడ్‌లు. నెల మొదటి తేదీన మరీ ఎక్కువ సంఘటనలు కనిపిస్తే అది నిజంగా జరిగిన తేదీ కాకపోవచ్చు, కంప్యూటర్లోకి ఎక్కించిన తేదీ కావచ్చు.

మూడో పరీక్ష: కొన్ని వరుసలు తీసి, సంస్థ మనిషిని అసలు ఫైలుతో పోల్చి చూడమనండి. కొత్త వివరం ఎక్కిస్తే పాతది చెరిగిపోయే ఫీల్డులు ఇక్కడే బయటపడతాయి. అలాంటి ఫీల్డులో బిడ్డ ఇప్పుడున్న ఇల్లు మాత్రమే కనిపిస్తుంది, అంతకుముందున్న ఇళ్ల ఆచూకీ ఉండదు.

ఈ మూడూ దాటాక తేడాలన్నీ ఒక పేజీ రాసి సంస్థకు ఇవ్వండి. వాళ్లకు మీ నుంచి అందే మొదటి ఉపయోగం ఇదే, చాలాసార్లు బాగా మెచ్చుకుంటారు కూడా.

7. ఒక్కరోజు లెక్కతో మోసపోకండి

ఈ రంగంలో అందరూ చేసే తప్పు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక సంస్థలోకి నెలకు 10 మంది పిల్లలు వస్తారనుకోండి. 9 మంది సరిగ్గా నెల ఉండి ఇంటికి వెళ్తారు, ఒక్కరు 24 నెలలు ఉంటారు. కొన్నేళ్లు ఇలాగే నడిచాక ఏదో ఒక రోజు వెళ్లి తల లెక్కిస్తే ఎంతమంది ఉంటారు? ఆ నెలలో వచ్చిన తక్కువకాలం పిల్లలు 9 మంది, గత 24 నెలల్లో నెలకొకరు చొప్పున పోగైన పిల్లలు 24 మంది, మొత్తం 33. అంటే ఆ రోజున్నవాళ్లలో 73 శాతం ఎక్కువకాలం ఉండే పిల్లలే. వచ్చేవాళ్లలో చూస్తే వాళ్లు 10 శాతమే. "సంరక్షణలోకి వచ్చిన పిల్లల్లో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా రెండేళ్లు ఇరుక్కుపోతున్నారు" అని రాస్తే అది పూర్తిగా తప్పు వాక్యం, అంకె మాత్రం కరెక్టే.

దీనికి ఎదురుగా ఇంకో తప్పుంది. బయటికి వెళ్లిన పిల్లల సగటు కాలం మాత్రమే చూస్తే, ఇంకా లోపలే ఉన్నవాళ్లు లెక్కలోకి రారు కాబట్టి సంస్థ బాగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది.

సరైన పద్ధతి: ఒక ఏడాదిలో కొత్తగా వచ్చిన పిల్లలందరినీ ఒక గుంపుగా తీసుకుని, అక్కడి నుంచి ముందుకు వెంబడించండి. 6 నెలలకు, 12 నెలలకు, 24 నెలలకు ఎంతమంది ఎక్కడున్నారో చూడండి. ఇంకా లోపలే ఉన్నవాళ్లను వదిలేయకుండా లెక్కలోకి తీసుకునే సర్వైవల్ అనాలిసిస్ వాడండి. ఇవాళ ఎన్ని పడకలు, ఎంత సిబ్బంది కావాలి అనేదే ప్రశ్న అయితే మాత్రం ఒక్కరోజు లెక్క సరైనదే. ఏ ప్రశ్నకు ఏ లెక్క అనేది మరచిపోకండి.

ఇంకో జాగ్రత్త: ఒక ప్రాంతంలో ఫిర్యాదులు పెరిగితే హింస పెరిగిందని వెంటనే తేల్చకండి. హాట్‌లైన్ కొత్తగా పెట్టారేమో, టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చారేమో కనుక్కోండి. డేటాలో కనిపించేది సంస్థ కంటపడిన సంగతులే.

8. ఫలితాన్ని ముందు కేస్ వర్కర్లకు చూపించండి

పత్రికకు పంపకముందే, పైఅధికారులు లేని గదిలో గ్రాఫులు పెట్టి "ఇది మీకు తెలిసిన పనిలా ఉందా?" అని అడగండి. ఒక నెలలో గ్రాఫ్ ఎందుకు ఎగబాకిందో వాళ్లలో ఎవరో ఒకరు వెంటనే చెబుతారు: ఆ నెల కొత్త ఫారం వచ్చింది, లేదా పెండింగ్ కేసులన్నీ ఒకేసారి మూసేయమన్నారు. సంరక్షణలో పెరిగి ఇప్పుడు పెద్దవాళ్లైనవాళ్లను కూడా పిలవండి. వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వండి. వాళ్ల జీవిత కథ చెప్పించుకోవడానికి పిలవకండి, మీ నిర్ధారణలను ప్రశ్నించడానికి పిలవండి.

9. రిపోర్టు రాయడం

మూడు రూపాలు కావాలి: పత్రికకు పూర్తి వ్యాసం, సంస్థ నిర్ణయాలు తీసుకునేవాళ్లకు రెండు పేజీలు, పిల్లలకూ కుటుంబాలకూ అర్థమయ్యే ఒక పేజీ. మూడోదాన్ని ఎక్కువమంది రాయరు. తమ జీవితాల నుంచి వచ్చిన సమాచారంతో ఏం తేలిందో ఆ కుటుంబాలకు చెప్పడం మన కనీస బాధ్యత.

పట్టికల్లో చిన్న అంకెలు దాచండి. 5 కంటే తక్కువనో 10 కంటే తక్కువనో ఒక హద్దు ఒప్పందంలోనే పెట్టుకోండి. ఒక్క గడి దాచి పక్కన మొత్తం ఇస్తే ఎవరైనా తీసివేత చేసి కనుక్కుంటారు, కాబట్టి రెండో గడి కూడా దాచాలి. అచ్చువేసే ముందు ఈ లెక్కలు చేయని ఒక మనిషికి పట్టిక ఇచ్చి, దాచిన అంకె కనిపెట్టమనండి.

10. ముగించడం

గడువు రాగానే డేటా చెరిపేసి, లిఖితంగా తెలియజేయండి. బ్యాకప్‌లు మరచిపోకండి. విశ్లేషణ కోడ్‌ను, ఫీల్డుల వివరణను సంస్థకు అప్పగించండి. వచ్చే ఏడాది అదే లెక్క వాళ్లే వేసుకోగలగాలి. ఆ కోడ్‌ను సంస్థ మనిషి మీ సాయం లేకుండా ఒకసారి నడిపి, మీకొచ్చిన అంకెలే తెచ్చుకుంటే పని పూర్తయినట్టు.

భాగస్వామ్యం బాగానే నడుస్తోందా?

ఆరు నెలలకోసారి ఇవి చూసుకోండి. ఎక్కడైనా "లేదు" అని వస్తే వెంటనే మీటింగ్ పెట్టండి.

- గత రెండు నెలల్లో సంస్థవాళ్లు తమంతట తాము మీకు ఫోన్ చేశారా, లేక ప్రతిసారీ మీరే చేస్తున్నారా?
- మీ అంకె ఏదైనా వాళ్ల మీటింగ్‌లోనో బడ్జెట్‌లోనో కనిపించిందా?
- డేటా చూసే అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో, వెళ్లిపోయినవాళ్ల పేర్లు తీసేశారా?
- సంస్థలో మీ మనిషి రేపు బదిలీ అయితే, ఆ స్థానంలోకి వచ్చేవారికి ఎంఓయూ ఎక్కడుందో తెలుస్తుందా?

సంస్థ డేటా ఇవ్వనంటే

ఎందుకు ఇవ్వలేరో మర్యాదగా అడగండి. తరచూ వచ్చే కారణం భయం కంటే పనిభారం. అప్పుడు డేటా తీసే పనికి ఒక మనిషి జీతం గ్రాంటు నుంచి ఇస్తామని చెప్పి చూడండి. చట్టమే ఒప్పుకోకపోతే, ఒక్కొక్కరి వివరాలు లేని మొత్తం పట్టికలు అడగండి. చాలా ప్రశ్నలకు అవి సరిపోతాయి. సంస్థ సిబ్బంది పనిభారం మీదో ట్రైనింగ్ మీదో అధ్యయనం చేస్తే పిల్లల డేటా అవసరమే ఉండదు, నమ్మకం కూడా అక్కడే కుదురుతుంది. సంరక్షణ నుంచి బయటికొచ్చిన పెద్దవాళ్లతో, వాళ్ల సమ్మతితో నేరుగా మాట్లాడటం ఇంకో దారి. దానికి సంస్థ అనుమతి అవసరం లేకపోవచ్చు, ఎథిక్స్ అనుమతి మాత్రం తప్పనిసరి. ఈ చిన్న పని నాణ్యంగా చేసి, రెండు పేజీల ఫలితం సంస్థకు పంపి, ఏడాది తర్వాత మళ్లీ అడగండి.